డ్యూటీ దిగని సైనికుడు

యుద్ధం నుంచి తిరిగొచ్చినా నిద్ర మాత్రం తిరిగిరాని ఆ మాజీ సైనికుడు, చికిత్స కుర్చీలో ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. తలకు వైర్లు అంటించారు. మెదడు నెమ్మదిస్తే ఎదుటి కంప్యూటర్ తెర మీద బొమ్మ పడవ కదలాలి. వారాలు గడిచినా అది అంగుళం కదిలితే ఒట్టు.

"వీపు వెనక తలుపుందమ్మా. మనసంతా అటే లాగేస్తోంది," అన్నాడు.

"గడియ పెట్టానండీ," అంది చికిత్స చేసే అమ్మాయి.

గడియను నమ్మితే ఆయన సైనికుడెలా అవుతాడు? మరొకడు వచ్చి నిలబడేదాకా కాపలావాడు చోటు వదలకూడదు. ఆయన్ని ఇంటికైతే పంపారు గానీ, కాపలా నుంచి ఎవరూ దింపలేదు.

మూలన కూర్చున్న ఆయన భార్య విసురుగా లేచింది. తన కుర్చీని బరబరా ఈడ్చి, తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చుంది.

"ఈ తలుపు నేను చూసుకుంటా. ఇక మీరు డ్యూటీ దిగండి."

పడవ కదిలింది.