అక్క కలిపిన కొలబద్ద

హిందూపురం ల్యాబులో నాకు పని నేర్పిన అక్క, డీఎన్ఏ ముక్కల పొడవు కొలిచే ల్యాడర్ ద్రావణాన్ని తానే తయారుచేసేది. కంపెనీ సీసా ధర మా ల్యాబుకు అందేది కాదు. పొడవు తెలిసిన ముక్కలనే కొలిచి కలిపేది. జెల్‌లో కరెంటు పెట్టి నడిపితే ఒక్కో పొడవు ముక్క ఒక్కో గీతగా కనబడేది. "ఒక్క గీత తప్పినా పారబోయాల్సిందే" అనేది.

ఒకరోజు పెనుకొండ రైతులు చచ్చిన పట్టుపురుగులతో పాటు, వాటి గుడ్లు అమ్మిన ఆయన్నీ ఈడ్చుకొచ్చారు. రోగం గుడ్లు అంటగట్టాడని వాళ్ల కోపం. పురుగులను పరీక్షిస్తే ఒక గీత కనబడింది. "అదే రోగం!" అంటూ కర్రలతో ఆయన మీద పడ్డారు.

అక్క అడ్డం పోయింది. "ఆగండప్పా! రోగం ముక్క ఇంత పొడవుండదు. నా ల్యాడర్ చూడండి."

"నువ్వు కలిపిన నీళ్లను నమ్మేదెట్ల?" అని ఒకడు కొట్టిన దెబ్బకు ఆమె నుదురు చిట్లింది.

రక్తం తుడుచుకుంటూ, ఎప్పుడో శాంపిలుగా వస్తే దాచి ఉంచిన కంపెనీ ల్యాడర్‌ను, తనదాని పక్కన, పురుగుల నమూనాతో పాటు పోసి మళ్లీ నడిపింది. గంట పట్టింది. బయట ఆయన మీద దెబ్బలు ఆగలేదు. చివరికి రెండు ల్యాడర్ల గీతలూ సరిగ్గా కలిశాయి. పురుగుల గీత రోగం ముక్క పొడవు దగ్గర లేదు; వాటిల్లో ఆ రోగం లేదు.

అక్కను కొట్టినవాడు కర్ర పడేశాడు. "తప్పయిపోయిందక్కా."

"నన్ను గాదు, ఆయప్పను అడుగు."

ఆయన కుడికన్ను అప్పటికే పోయింది. అంబులెన్సులో ఆయన తల ఒళ్లో పెట్టుకుని, "నీ గుడ్లు మంచివేనన్నా" అని ఆసుపత్రి దాకా అక్క చెబుతూనే ఉంది.