గంట కొట్టాక ఏం చెయ్యాలి?

మొన్న గురజాల బస్టాండులో ఒక పిల్ల తనకంటే బరువైన ట్రంకుపెట్టెతో బస్సు దిగుతుంటే, నా మేనకోడలు మా ఇంటికొచ్చిన సాయంత్రం గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా తమ్ముడు దాన్ని విజయవాడలో ఓ పేరున్న హాస్టల్ స్కూల్లో వేశాడు. తెల్లారకముందే స్టడీ అవర్, వారం వారం పరీక్షలు, గోడ మీద ర్యాంకులు. తలనొప్పులతో పిల్ల సగమైపోతే భయపడి తీసుకొచ్చి, నేను తెలుగు చెప్పే సర్కారు బడిలో తొమ్మిదో తరగతిలో చేర్పించి మా ఇంట్లో ఉంచాడు.

మా బడిలో సాయంత్రం గంట కొట్టారంటే ఇక పిల్లలకు ఆటలే. దానికేమో ఆ ఖాళీ అంటేనే భయం. ఇంట్లో కూడా చెయ్యెత్తి, "అత్తా, మంచినీళ్ళు తాగి రావచ్చా?" అనడిగేది. క్లాసులో మాస్టారు ప్రశ్న పూర్తిచెయ్యకముందే జవాబు చెప్పేసేది. పిల్లలు మెల్లగా దూరం జరిగారు. ఓ రోజు కంచం ముందు కూర్చుని ఏడ్చేసింది. "ఇక్కడ నన్నెవరూ చదవమనట్లేదత్తా, వెనకబడిపోతున్నా. మళ్ళీ అక్కడికే పంపించండి." ఫోన్లో తమ్ముడూ మెత్తబడ్డాడు. దసరా దాకా ఆగమన్నాను. ధైర్యంగా అన్నానే గాని, లోపల నాకూ గుబులే.

"చదవొద్దనను. గంట కొట్టాక మాత్రం పుస్తకం నాకిచ్చెయ్. ఏం తోచకపోతే తోచనట్టే కూర్చో," అన్నాను. కొన్నాళ్ళు గ్రౌండు గట్టు మీద ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. ఒకనాడు ఖోఖో జట్టులో ఒకరు తగ్గారు. జట్టు కెప్టెన్, మెకానిక్ గారమ్మాయి, వచ్చి చెయ్యి పట్టి లాగింది. "రా, ఊరికే చూస్తావేంది!" వెనక నుంచి "ఖో" అనగానే మా పిల్ల కంగారులో ఎదురు జట్టు పిల్లను వదిలేసి, విజిల్ ఊదుతున్న డ్రిల్లు మాస్టారిని పట్టుకుంది. "ఒసేయ్, సారు ఔటంట!" అని కెప్టెన్ అరిచింది. గ్రౌండంతా గొల్లుమంది. ఏడుస్తుందేమోనని నేను వరండాలోంచి రెండడుగులు ముందుకేశాను. అది పొట్ట పట్టుకుని మట్టిలో కూలబడి నవ్వింది. మా ఇంటికొచ్చాక దాని నవ్వు వినడం అదే మొదలు.

తర్వాత కెప్టెన్‌కు ఇది లెక్కలు చెప్పేది, దీనికి ఆమె స్తంభం చుట్టూ తిరగడం నేర్పేది. దసరాకి తమ్ముడు తిరిగి విజయవాడ తీసుకెళ్దామని వస్తే మోకాళ్ళ దాకా దుమ్ముతో ఎదురెళ్ళి, "నాన్నా, రేపు రాలేను. మాచర్లోళ్ళతో మ్యాచుంది!" అంది. వాడు నోరెళ్ళబెట్టాడు. మర్నాడు సెలవు పెట్టి మరీ గ్రౌండు అంచున నిలబడి గొంతుపోయేలా అరిచాడు. చానా ఘోరంగా ఓడిపోయాం. ఆ సంగతి ఇంటికొచ్చేదాకా ఎవరికీ పట్టలేదు.

పిల్లల కాలం వృథా అయిపోతోందని పెద్దవాళ్ళం తెగ కంగారుపడతాం గాని, ఆ గ్రౌండులో పోగొట్టుకున్న సాయంత్రాలే దానికి నిజంగా దక్కిన కాలమని నాకిప్పుడనిపిస్తుంది.