రాయమల్లు కొత్తింటి బూజు

మెట్‌పల్లిల మహమూద్ ఇండ్లకు రంగులేస్తడు. ఆయన భార్య మక్సూదా మాత్రం అంత జల్ది రంగు డబ్బా మూత తియ్యనియ్యది. "ముందుగాల నిమ్ము ఎక్కడికెళ్లి వస్తుందో చూడాలె. బూజు మీద రంగేసుడంటే పుండు మీద పౌడర్ కొట్టుడే" అంటది.

గీ పట్టు ఆమెకు ఊకెనే రాలే. పెండ్లైన కొత్తల వాళ్లు కిరాయికున్న అర్రల ప్రతి వానకాలం గోడ నల్లబడేది. బిడ్డ యుమ్నా దగ్గుతనే ఉండేది. మహమూద్ ఏటా సున్నమేసేటోడు, బూజు ఏటా మళ్ల వచ్చేది. నాలుగో ఏడు మక్సూదా తనే నిచ్చెనేసుకొని మిద్దెక్కింది. నీళ్లు పోయే తూముల కాకిగూటి పుల్లలు ఇరికి, మడమ లోతు నీళ్లు నిలిచినయి. పుల్లలన్నీ పీకి పారేసింది. గా ఏడు గోడ తెల్లగనే ఉంది, బిడ్డ దగ్గు కూడా తగ్గింది. అప్పటిసంది మొగుడు పనికి ఒప్పుకున్న ప్రతి ఇంటికి ఆమే ముందు పోయి గోడలు తట్టి చూసి వస్తది.

పోయిన వానకాలం రాయమల్లు అనే రైతు పిలిపిచ్చిండు. ఇల్లు కట్టి రెండేండ్లే అయింది. లోపలి అర్ర గోడంత నల్లమచ్చలు.

"రెండుసార్లు రంగేపిచ్చిన చెల్లె. గోడ దిక్కే మంచిగ లేదు, వాస్తు దోషమంటున్నరు. రేపు మేస్త్రీ వచ్చి కూలగొడతడు" అన్నడు పరేషాన్‌గ.

"జర ఆగుండ్రి అన్నా. గోడ ఎటు పోతది? మేస్త్రీని రెండు దినాలు గడిచినంక రమ్మనుండ్రి."

ఒక ప్లాస్టిక్ కవరు తీసి గోడకు నాలుగు దిక్కుల టేపు అంటిచ్చింది. నిమ్ము గోడలకెళ్లి వస్తే కవరు వెనుక చెమ్మ పడతది, అర్రల గాలికెళ్లి వస్తే పైన పడతది.

రెండు దినాలకు వచ్చి చూస్తే కవరు వెనుక పొడిగ ఉంది, పైన నీటి చుక్కలు.

"గీ అర్రల ఎవ్వలం పండుకోం. నీళ్లెక్కడియి?" అన్నడు రాయమల్లు.

ఆయన భార్య లింగవ్వ తలకాయ వంచుకొని నిలబడ్డది. కిటికీ గట్టిగ మూసి ఉంది. కిటికీ ఊచకు, ఎదురుంగ బీరువా పిడికి తాడు ఒరుసుకున్న గుర్తులు. మక్సూదా అవి చూసి రాయమల్లు దిక్కు తిరిగింది.

"అన్నా, చాయ్ తాగుదాం. జర పాలు తెస్తరా?"

రాయమల్లు అటు పోంగనే లింగవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆయనకు చెప్పకు చెల్లె. మిద్దె మీద బట్టలారేస్తే కోతులు గుంజుకపోతున్నయి. కొత్త గోడకు మొల కొడితే ఊకోనన్నడు. గందుకే ఆయన పొలం పోంగనే గీడ దండెం కట్టి, వచ్చేలోపల ఇప్పుతున్న. కిటికీలకెళ్లి కూడా కోతులు చెయ్యి పెడ్తయని మూసి పెడుతున్న."

మక్సూదాకు నవ్వాగలే. "కిటికీ మూస్తే గా బట్టల నీళ్లెటు పోవాలె అక్కా? గోడే తాగింది. నేనైతే చెప్ప. కాని రేపు మేస్త్రీ గడ్డపార పట్టుకొని వస్తడు."

రాయమల్లు పాలు తెచ్చేసరికి లింగవ్వే గడపల ఎదురొచ్చి ఒక్క గుక్కల అంతా చెప్పేసింది. ఆయన పాల గిన్నె కింద పెట్టిండు.

"అయితే నా కొత్త ధోతి గాలికి కొట్టుకపోలేదన్నట్టు?"

"గాలికి కాదు. కోతి ఎత్తుకపోయింది" అన్నది లింగవ్వ. ముందుగాల నవ్వింది రాయమల్లే.

మేస్త్రీని రావద్దన్నరు. వెల్డింగ్ ఆయన వచ్చి కిటికీలకు ఇనుప తీగెల జాలీ బిగిచ్చిండు, మిద్దె మీద దండెం సుట్టూ కూడా జాలీ గది కట్టిండు. మక్సూదా మూతికి గుడ్డ కట్టుకొని బ్లీచింగ్ నీళ్లతోని గోడ తుడిసింది. నెల రోజులు కిటికీలు తెరిచి ఆరనిచ్చినంకనే మహమూద్ చేతికి బ్రష్ ఇచ్చింది.

"గిట్ల ఒక్కో గోడకు నెల ఆగితే నేనెట్ల బతకాలె?" అన్నడు మహమూద్.

"ఒక్కసారే వేస్తవు, మంచిగ వేస్తవు" అన్నదామె.

రంగు లింగవ్వే ఎంచింది, చిలకపచ్చ. రంగులు నడుస్తుంటే ఆమె మిద్దెక్కి జాలీ గదిల నిమ్మళంగ బట్టలారేసుకుంటుంది. బయట జాలీ పట్టుకొని నాలుగు కోతులు లోపలికి తొంగి చూస్తున్నయి.

"జర బయటికి రా లింగవ్వా" అని వాకిట్లకెళ్లి కేకేసిండు రాయమల్లు, "నిన్ను చూసేతందుకు చుట్టాలొచ్చిండ్రు!"