ఇంటి సాళ్లు

మొన్న హాస్టల్‌లో నా పక్క మంచం అమ్మాయి కారం పొట్లం విప్పింది. ఖమ్మంలో కొత్తగా తెరిచిన ఆర్గానిక్ దుకాణంలో కొన్నదట. ఘాటు తగిలేసరికి తుమ్మొచ్చింది, పొట్లం మీది మాట చదివేసరికి నవ్వొచ్చింది: 'రైతు తన ఇంట్లో తినే కారం'. అది కొని భూమిని కాపాడేసినంత సంబరంలో ఉంది ఆమె. రైతు తినేది వేరు, ఊరికి అమ్మేది వేరు అని దుకాణంవాడే అచ్చేసి చెబుతున్నాడని ఆమెకు తట్టలేదు. నాకు తట్టింది, నేను ఆ రెండు రాశుల మధ్య పెరిగాను కాబట్టి.

ఇల్లందు దాటి అడవి మొదలయ్యే చోట మా మిరప చేను. వాగు వైపు కొసన ఉన్న కొన్ని సాళ్లను ఇంటి సాళ్లు అనేవాళ్లు, వాటి చుట్టూ హద్దుగా బంతి మొక్కలు. బతుకమ్మకు ఆ పూలే తెంపుకొచ్చి పేర్చేవాళ్లం, సజ్జరొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దలు గట్టు మీద కూర్చొని తినేవాళ్లం. చలికాలమంతా ఆ సాళ్ల పచ్చిమిరపకాయలే పొయ్యి మీద కాల్చి, వెల్లుల్లి వేసి రోట్లో నూరిన తొక్కు, పొగలు కక్కే జొన్నరొట్టె. ఎండ కాస్త చురుక్కుమనేసరికి కల్లం నిండా ఎర్రగా ఆరబోసిన కాయలు, అమ్మేవి పెద్ద రాశి, ఇంటి సాళ్లవి చిన్న రాశి. ఆ ఘాటుకు ఇంటి కుక్క కూడా తుమ్ముతూ తిరిగేది. పెద్దవాళ్లు తెల్లబారిన తాలుకాయలు ఏరుతుంటే, మేము పక్కనే ఖాళీ పురుగుమందు డబ్బాల మూతల్లో మట్టి అన్నం వండుకునేవాళ్లం. ఎవరూ వద్దనలేదు.

మందు కొట్టేది పెదనాయిన. వీపున పంపు మోసుకుంటూ బంతి మొక్కల దాకా వచ్చి, గుడి గడప ముందు చెప్పులు విడిచేంత భక్తితో పంపు ఆపి, వెనక్కి తిరిగేవాడు. గాలికి ఆ భక్తి లేదు, అది ఆగేది కాదు. వచ్చిన ఆ వాసన తమది కానట్టు ముక్కు మూసుకుని, మన సాళ్లు మంచియే అని మా ఇంట్లో అందరూ నమ్మేవాళ్లు.

ఎండలు ముదిరే ముందు, అడవి లోపలి గూడెం నుంచి కన్నమ్మ అనే కోయావిడ వచ్చేది. గంపలో ఎండిన ఇప్పపువ్వు, చింతపండు, విస్తర్లు కుట్టే అడ్డాకుల కట్ట, సీసాలో తేనె. బదులుగా ఏడాదికి సరిపడా మిరపకాయలు పట్టుకెళ్లేది. మా నాయిన తల్లి బాపమ్మా, ఆమే ఒకరినొకరు వదినె అంటే వదినె అని పిలుచుకునేవాళ్లు. కన్నమ్మకు బాపమ్మ ఎప్పుడూ ఇంటి రాశిలోంచే, తన దోసిళ్లతోనే పోసేది.

ఒక ఏడాది చేనంతా ఆకుముడత తెగులు తగిలింది. పెదనాయిన కాయ కోతల దాకా మందు కొడుతూనే ఉన్నాడు. ఇంటి సాళ్లు కూడా ముడుచుకుపోయి, ఇంటి రాశి చాలా చిన్నదైంది. ఆ ఏడాది కన్నమ్మ సీసాలో తేనె సగమే ఉంది.

"తేనెటీగలు ఏడికి పోయినయో వదినె, పట్టులే దొరకలే," అంది.

బాపమ్మ ఆమెకు మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది. ఈలోగా పెదనాయిన పెద్ద రాశిలోంచి కన్నమ్మ సంచి నింపేశాడు. చెంబుతో బయటికొచ్చిన బాపమ్మ అది చూసి అరిచింది.

"గది అమ్మేటి రాశి గదరా! ఆమెకు పోస్తవేందిరా?"

"ఏమైతదే అమ్మా? ఇంటియి మనకే సరిపోవు. అడవిల తిరిగేటోళ్లు, అరిగించుకుంటరు తీ."

కన్నమ్మకు ఇంకా అర్థం కాలేదు, నవ్వుతూనే ఉంది. "అమ్మేటి రాశేంది వదినె? మిరపకాయలల్ల గూడ వేరేవేరే ఉంటయా?"

బాపమ్మ చెంబు కింద పెట్టేసింది. పెదనాయిన పక్కనే ఉన్న అతని భార్య, మా పెద్దమ్మ చెప్పింది, కొత్త కోడలికి ఇంటి పద్ధతి చెప్పినట్టు: "మందు కొట్టినయి అమ్మనీకి, కొట్టనియి తిననీకి."

కన్నమ్మ సంచి ఎత్తి కాయలన్నీ పెద్ద రాశి మీద గుమ్మరించింది. అడుగున ఇరుక్కున్న కాయను కూడా విదిలించింది.

"మాకు తేనెల రెండు రకాలు లేవల్లుడా," అంది పెదనాయినతో. "మా పోరగాండ్లు తిన్న పట్టుదే మీకు తెచ్చిన."

బాపమ్మ కొంగు నిండా ఇంటి కాయలు వేసుకుని వెనకాలే పరుగెత్తింది. "ఆగు వదినె, గివి తీస్కపో!"

"వద్దు వదినె. మీకే సరిపోవంట గద."

తేనె మాత్రం వదిలేసి వెళ్లింది. మరునాడు పెదనాయిన దాంట్లోనే రొట్టె ముంచుకుని "కమ్మగున్నది" అన్నాడు. పెద్దమ్మ ఇంకొంచెం పోసింది. బాపమ్మ తన కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. కన్నమ్మ మళ్లీ రాలేదు. బాపమ్మ బతికినన్నాళ్లూ ఆమె వచ్చే వేళకు గూడెం బాట వైపు చూసేది. ఇంట్లోవాళ్లు మాత్రం, ఈమధ్య అడవోళ్లకు గూడ పొగరెక్కిందని చెప్పుకునేవాళ్లు.

ఇప్పుడు ఆ చేనంతా జామాయిల్ తోట. దాని కింద గడ్డి కూడా సరిగ్గా మొలవదు. బంతిపూలు లేవు, కల్లం లేదు, ఇప్పపువ్వు వాసన మా గడప తొక్కి ఎన్నేళ్లయిందో. మా ఇంటి కారం కూడా ఇల్లందు అంగడి నుంచే వస్తుంది. కిందటి నెల పెదనాయినతో నేనూ వెళ్లాను. పొట్లం చేతిలో పట్టుకుని, "మీ ఇంట్ల గూడ గిదే తింటరా?" అని అడిగాడు దుకాణదారును. అతను తలెత్తకుండా "అవ్, గిదే" అన్నాడు. పెదనాయిన అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత పొట్లం సంచిలో వేసుకున్నాడు.