దయానంద్ డాక్టరు మర్చిపోయిన నాలుగు గంటలు

ఐరాల బడి ఆవరణలో వేసిన షామియానా కింద, తొమ్మిది నెలల కూతుర్ని ఒళ్లో పెట్టుకుని స్రవంతి పొద్దున్నుంచీ కూర్చుంది. పాపకు తట్టు టీకా వేయించాలి. ఎమ్మెల్యే దయానంద్ సమక్షంలో వేస్తారట. ఆయన పది గంటలకల్లా వస్తాడని, రాగానే ఫోటో అయిపోవాలని, పీఏ తొమ్మిదిన్నరకే సీసాలో మందు కలిపించేశాడు. ఎవరూ వెళ్లిపోకుండా టీకా కార్డులన్నీ తన దగ్గర పెట్టుకున్నాడు.

పొడిమందును నీళ్లతో కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి. ఆ తర్వాత అందులో క్రిములు పెరగొచ్చు. మైక్రోబయాలజీ చదివిన స్రవంతికి అవి అప్పుడే సీసాలో కదులుతున్నట్టుంది. సీసా మీద నర్సు కృపామణి రాసిన టైమునూ ఫోన్లో టైమునూ మార్చి మార్చి చూసింది. పన్నెండున్నర.

"ఇప్పుడే వేసేయక్కా, ఇంకో గంటే ఉండాది."

"నా ఉద్యోగం పీకిస్తావా తల్లీ? ఆయప్ప ఎప్పుడూ ఇంతే. ఈ ఊరి ఆస్పత్రిలో డాక్టరుగా ఉన్నప్పుడు మంగళవారం వచ్చి, వారానికి సరిపడా సంతకాలు పెట్టి పొయ్యేవాడు. చిత్తూరులో ఆఫీసరైనాక దోమల మిషను భుజానేసుకుని ఫోటో దిగినాడు. దాంట్లో మందే లేదు. ఇంటికొకరు జరంతో పడుంటే డెంగీ లేనేలేదని రాసి పంపినాడు. కరోనాలో రోజూ టీవీలో కనబడి, ఉద్యోగానికి దండం పెట్టి టికెట్టు తెచ్చుకున్నాడు."

"ఓట్లెట్లా పడినాయక్కా?"

"టీవీలో తెల్లకోటు వేసుకునుండె గదా. నేనూ వేసినా."

రెండుంపావుకు కార్లు వచ్చాయి. కాణిపాకంలో భోజనం దగ్గర ఆలస్యమైందట. దండలు వేయించుకుని, ముందు వరసలో కొత్త గౌనుతో కనిపించిన స్రవంతి పాపను ఎత్తుకుని, దయానంద్ కెమెరా వైపు తిరిగాడు.

"ఊ, కానీమ్మా."

"టైము దాటిపోయింది సార్. ఆస్పత్రి నుంచి కొత్త సీసా తెప్పిస్తా, అరగంట," అంది కృపామణి.

"తిరుపతిలో నాకు మీటింగుండాది. ఆ టైము తుడిచేసి పన్నెండని రాయి."

"నాలుగు గంటలు దాటితే పారబోయాలని చిత్తూరు ట్రైనింగులో మీరే గదా సార్, టేబులు గుద్ది చెప్పింది!"

"అప్పుడు ఆఫీసర్ని, చెప్పినా. ఇప్పుడు గూడా నేనే చెప్తాండా. వెయ్యి."

స్రవంతి లేచి చేతులు చాపింది. "నా బిడ్డనిచ్చేయండి సార్."

"భయపడొద్దమ్మా. నేను డాక్టర్ని."

"అందుకే సార్ నా భయం."

వెనకెవరో కిసుక్కున నవ్వారు. కృపామణి సీసా తీసి బ్లీచింగు నీళ్ల బకెట్లో పడేసింది.

దయానంద్‌కు కోపమైనా రాలేదు. వాచీ చూసుకున్నాడు. "సరే, ఉత్త సిరంజి పట్టుకో. మూత తీయొద్దు, చెయ్యి మీద ఆనించు, చాలు."

ఫోటో దిగాడు. మూత గిలిగింతలు పెట్టిందేమో, పాప నవ్వింది. ఆయనా నవ్వాడు. బిడ్డను వాళ్లమ్మ చేతిలో పెట్టి, ఆమె మొహం కూడా చూడకుండా కారెక్కాడు.

ఆస్పత్రి నుంచి కొత్త సీసా వచ్చింది. కృపామణి మందు కలిపి, సీసా మీద 'రెండు యాభై' అని రాసి, స్రవంతి కళ్ల ముందు పెట్టింది.

"చదువుకో తల్లీ."

స్రవంతి రెండుసార్లు చదివి, పాప చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈసారి పాప షామియానా అదిరేలా ఏడ్చింది.