శ్రుతి చేసి పెట్టిన తంబురా

మా మనవరాలు సాధనకు కూర్చుని శ్రుతిపెట్టె మీట నొక్కితే చాలు, నా చేతిలో పని ఆగిపోతుంది. ఆ మోత వెనకాల నాకు అసలు తంబురా వినిపిస్తుంది, దాని పక్కన రత్నమ్మ టీచరుగారు కనిపిస్తారు. గుడివాడలో ఆడపిల్లల బడిలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆవిడ మా పెద్ద టీచరు. ఆదివారం చర్చిలో వాయించే ఫిడేలునే మిగతా రోజుల్లో కచేరీలకు పట్టుకెళ్లేవారు. బందరులో పరాంకుశంగారని మద్రాసు దాకా పేరున్న గాయకుడుండేవారు. ఆయనే పట్టుబట్టి ఈవిడకు సంగీతం నేర్పి, కచేరీల్లో పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఎవరేమన్నా లెక్కచేసే మనిషి కాదు.

ఒకరోజు పొద్దున్నే ఆయన శవం కాలవలో తేలింది. భార్యతో గొడవపడి దూకేశాడని పోలీసులు రాసేశారు. పేపర్లోనూ అదే వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం ఆ ఇంట్లో కేకలు వీధంతా విన్నది మరి. టీచరుగారూ నేనూ బందరు చేరేసరికి భార్య సుభద్రమ్మగారి పక్కన కూర్చునే దిక్కు లేదు. ఆడవాళ్లు గుమ్మం దాకా వచ్చి, "ఎంత మాటందో మహాతల్లి" అని గొణుక్కుంటూ వెళ్లిపోతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నా మాటకే పోయారా టీచరమ్మగారూ?" అంది సుభద్రమ్మగారు.

టీచరుగారు ముందుగదిలోకి వెళ్లి తంబురా గలేబు తీసి తీగలు మీటారు. గది నిండిపోయింది. చెమ్మకు ఒక తీగ రవ్వంత దిగిందేమో, మిగతావన్నీ శ్రుతిలోనే ఉన్నాయి.

"సముద్రపు గాలికి తీగలు పాడవుతాయని, పాట లేకపోతే వదులు చేసి పెట్టేవారు. మర్నాడు పాడేదుంటేనే ఇలా బిగించి ఉంచేవారు. ఇదెప్పుడు శ్రుతి చేశారమ్మా?"

"సాయంత్రమండీ, గొడవయ్యాకే. రేపు మోపిదేవి గుళ్లో పాడాలిగా అన్నారు. కాస్త తిరిగొస్తానని వెళ్లారు."

టీచరుగారు అట్నుంచటే స్టేషనుకు నడిచారు. నేనూ వెనకాలే వెళ్లాను. ఇన్‌స్పెక్టరు కుర్చీ చూపించి మర్యాదగానే నవ్వాడు.

"తంబురా సాక్ష్యం చెప్తుందాండీ?"

"ఆయన చెప్పారండీ, దాంతో. రేపు పాడతానని."

కాగితం మారలేదు. కానీ ఈ మాట ఊళ్లో పాకింది. సంతాపసభ నాటికి దానికి కాళ్లూ చేతులూ వచ్చేశాయి. గిట్టనివాళ్లెవరో తోసేశారని, ఆ రహస్యం టీచరుగారు బయటపెడతారని హాలు కిక్కిరిసింది. ఆవిడ లేచి నిలబడ్డారు.

"తోశారని నాకు తెలీదండీ. కాలు జారిందో ఏమో, అదీ తెలీదు. ఆయన దూకలేదని మాత్రం తెలుసు. ఇకనైనా ఆ ఇల్లాలిని ఆడిపోసుకోకండి."

అంతే, కూర్చున్నారు. అందరి ముఖాలూ వాడిపోయాయి. అంతమంది ఒక మాట కోసం నోరు తెరుచుకుని కూర్చుంటే, తెలిసినదానికి ఒక్క ముక్క కలపని మనిషిని నేను అంతకుముందు చూడలేదు. కానీ ఆ వెంటనే ఆవిడ మీద కోపమూ వచ్చింది. హాలు గుమ్మంలో సుభద్రమ్మగారు చెయ్యి పట్టుకుని, "నాకైనా చెప్పండి, ఎలా పోయారు?" అని అడిగితే, "తెలీదమ్మా" అనేశారు. కాలు జారిందని అంటే ఆవిడ సొమ్మేం పోయింది? గుడివాడ బస్సు దిగేదాకా నేను ఆవిడతో మాట్లాడలేదు.

చాలా ఏళ్లకు, టీచరుగారు పోయాక, సుభద్రమ్మగారిని చూడ్డానికి వెళ్లాను. ఆ మాటే కదిపాను.

"అందరూ దగ్గరుండి చూసినట్టే చెప్పారమ్మా. తెలీదన్నది ఆవిడొక్కతే. అందుకే దూకలేదన్న మాట నమ్మాను. అది పట్టుకునే బతికాను" అందావిడ.

మొన్న మనవరాలు శ్రుతిపెట్టె కట్టేసి, గోడ మీది ఫొటో చూపిస్తూ అడిగింది. "అమ్మమ్మా, మీ టీచరు పక్కన పాడుతున్న ఆయన ఎలా చనిపోయారు?"

"తెలీదే" అన్నాను. "దూకలేదు."