ఖాళీ వరి కుంచెతో కొవ్వూరు కాలువ గట్టు మీద

కాకినాడలో మా బాల్కనీకి వేలాడే వరి కుంచెలో ఈ ఏడు చలికాలం వెళ్ళేసరికి ఒక్క గింజ కూడా మిగల్లేదు. వరి కుంచె అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. పొడుగు కాడలతో కోసిన కంకుల్ని జడలా అల్లి, గుండ్రంగా కుచ్చులా కట్టి చూరుకు వేలాడదీస్తారు. పిచ్చుకలు వచ్చి గింజలు తినిపోతాయి. మావారు ఏటా దాళ్వా, అంటే రెండో పంట, కోతల వేళకి కొవ్వూరు దగ్గర తన ఊరికి వెళ్ళి, నాలుగైదు అల్లి తెచ్చి, ఒకటి అయ్యాక ఒకటి కట్టేవారు. పోయిన వానాకాలంలో ఆయన పోయారు. ఇది ఆఖరిది. పిచ్చుకలకు ఆ సంగతి తెలియదు కదా! రోజూ పొద్దున్నే వచ్చి ఖాళీ గడ్డి మీద వాలి, అటూ ఇటూ పొడిచి, నా వంక చూసి వెళ్ళిపోయేవి. గిన్నెలో నూకలు పోసి పెడితే పావురాలు దిగి ఊడ్చేశాయి. ఇక ఇలా కాదని ఏప్రిల్‌లో ఒక శనివారం ఆ ఖాళీ కుంచెను గుడ్డసంచిలో పెట్టుకుని బయలుదేరాను. అచ్చం అలాంటిదే ఇంకొకటి కావాలి నాకు. ఆయన చేత్తో అల్లినట్టే ఉండాలి.

తెల్లవారుజామున బస్సెక్కితే వెలుగొచ్చేసరికి రాజమండ్రిలో దిగవచ్చు. అక్కడి నుంచి కొవ్వూరుకు షేర్ ఆటోలు దొరుకుతాయి. వంతెన దాటేటప్పుడు గోదావరిలో ఇసుక దిబ్బలు పైకి తేలి కనిపించాయి. కొవ్వూరు నుంచి ఊరి దగ్గరి కాలువ లాకుల దాకా ఇంకో ఆటో మాట్లాడుకున్నాను. నూట యాభై అడిగాడు, నేను బేరమాడలేదు. "ఊళ్ళోకే దింపేస్తానండి, ఎండెక్కుద్ది, గట్టు మీద ఏం నడుస్తారు?" అన్నాడు డ్రైవరు. "నడవడానికేనండి వచ్చింది," అన్నాను. "అయితే గొడుగు తెచ్చుకోవలసిందండి," అని నవ్వేసి వెళ్ళిపోయాడు. తెచ్చుకోలేదు. గొడుగు సంగతి చూసుకోవడం ఎప్పుడూ ఆయన పనే.

లాకుల నుంచి ఊరికి మామూలుగా నడిస్తే అరగంట. మావారితో అయితే రెండు గంటలు పట్టేది, పిట్ట కనిపిస్తే చాలు ఆగిపోయేవారు. "ఎండెక్కిపోతోంది, నడవండి మహానుభావా!" అని వెనక నుంచి తరుముతూనే ఉండేదాన్ని. ఈసారి తరమడానికి ఎవరూ లేరు గనక నేనే ఆగి ఆగి నడిచాను. కానుగ చెట్ల కింద రాలిన పూలు మరమరాలు చల్లినట్టు దారంతా పరుచుకున్నాయి. కాలువలో నీళ్ళు బాగా తీసిపోయాయి. మిగిలిన బురదలో కొంగలు నత్తలు ఏరుకుంటున్నాయి. కరెంటు తీగ మీద కూర్చున్న లకుముకి పిట్ట ఉన్నట్టుండి నీళ్ళలోకి దూకి చేపపిల్లతో లేచింది. "చూశారా!" అన్నాను పైకే. పక్కన గడ్డి కోసుకుంటున్న ఒకావిడ తలెత్తి, "నన్నేనా అండీ?" అంది. కాదని చెప్పలేక, "అవునండి, పిట్టని చూశారా అని," అన్నాను. ఎక్కడో పొదల్లో జెముడుకాకి ఊప్ ఊప్ అని కూస్తోంది. అది కూస్తే ఆయన వేలెత్తి నన్ను మాట్లాడొద్దనేవారు. ఆ వేలు నాకు ఎంత గుర్తొచ్చిందో చెప్పలేను.

మా వదినగారు, అంటే మావారి అక్కయ్య, చేలోనే ఎదురుచూస్తున్నారు. అప్పటికే ఒకవైపు కోత మిషన్ తిరిగేసింది. అటు వెళ్ళబోతే ఆపారు. "మిషన్ కోసిన చేలో కంకెక్కడుంటుంది సుగుణా? గింజ రాల్చి గడ్డి పారేస్తుంది. ఇటు రా." మిషన్ లోపలికి దిగి తిరగాలంటే చేను మూలలు ముందు మనుషులే కొడవలితో కోయాలి. కుంచెలకు పొడుగు కాడలు దొరికేది ఆ మూలల్లోనే. ఆవిడ నాకోసం రెండు పనలు తీసి, తడి గోనె కప్పి ఉంచారు. గట్టు మీద కూర్చుని సంచిలోంచి కుంచె తీసి ఇచ్చాను. ఆవిడ తిప్పి తిప్పి చూశారు.

"వాడిది ఎడమచేతి వాటం కదే. వాడి మెలిక నాకెప్పుడూ పట్టుబడలేదు. విప్పి చూస్తేగానీ తెలియదు."

"విప్పడమా! ఇంకా నయం," అని చటుక్కున లాక్కున్నాను. "ఆయన చేతి కట్టు ఇదొక్కటే మిగిలిందండి."

"అయితే నా వాటంగా అల్లి ఇస్తాను, పట్టుకెళ్ళు. పిచ్చుకలకేం తేడా తెలియదులే."

"నాకు తెలుస్తుందండి, వదినగారూ."

నేను ఆ గడ్డిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. విప్పితే ఆయన అల్లింది పోతుంది. విప్పకపోతే ఆ అల్లిక ఇక ఎవరికీ రాదు, నా బాల్కనీలో ఉండేది ఉత్త గడ్డి. ఎంత కోపం వచ్చిందో! ఎవరి మీదో కూడా తెలియదు. ఇన్నేళ్ళు నా కళ్ళ ముందే అల్లారు, ఒక్కసారన్నా ఇలా రా, నేర్పుతాను అనలేదేం ఈ మనిషి? "అమ్మాయ్, ఎండెక్కితే కాడలు ఎండి పుటుక్కుమంటాయి. ఏదో ఒకటి తేల్చు," అన్నారు వదినగారు మెల్లగా.

పైముడి నేనే విప్పాను. ఒక వరస విప్పడం, మెలిక ఎటు తిరిగిందో చూడడం, పచ్చి కాడల్ని అదే వాటంగా తిప్పడం. నా కుడిచెయ్యి మాట వినలేదు. నాలుగు కాడలు విరిగాయి. వదినగారు పక్కన కంకులు సరిచేసి అందిస్తూ, మధ్యమధ్య కొంగుతో కళ్ళొత్తుకుంటూ కూర్చున్నారు. పూర్తయ్యేసరికి పాతది గుప్పెడు పోచలైంది. కొత్తది ఒకపక్కకు ఒరిగిపోయి, ముడి వదులుగా, చూడ్డానికి నవ్వొచ్చేలా తయారైంది. "వాడూ మొదట్లో ఇలా వంకరగానే కట్టేవాడు," అన్నారావిడ. ఇద్దరం నవ్వబోయి ఏడ్చేశాం. తర్వాత ఆవిడ ఇంట్లో ఆవకాయా చద్దన్నమూ తిని, సాయంత్రం చల్లబడ్డాక వెనక్కి బయలుదేరాను.

మర్నాడు పొద్దున్నే దాన్ని కట్టాను. రెండు రోజులు పిచ్చుకలు దూరం నుంచే చూసి పోయాయి. తర్వాత ఒకటి వాలింది. "ఏవండీ, వచ్చాయి!" అని గదిలోకి తిరిగి పిలిచేశాను. పలికేవాళ్ళు ఎవరూ లేరు. ఆ పిట్టేమో పట్టించుకోకుండా గింజలు తింటూనే ఉంది. ఆయన్ని పిలవాలనిపించడం ఇక తగ్గదని నాకు అర్థమైంది. తగ్గాలని నేను కోరుకోవడమూ లేదు.

మీరూ కుంచె కోసం వెళ్ళేటట్టయితే మిషన్ దిగే రోజు ఏదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, మూలలు కోసే వేళకి తెల్లారగానే చేనుకు చేరుకోండి. గొడుగు తీసుకెళ్ళండి. ఇంటికొచ్చాక పాత కుంచె గడ్డి మాత్రం పారేయకండి. విప్పిన పోచల్ని నేను పారేయలేక బుట్టలో వేసి బాల్కనీలో ఉంచాను. పిచ్చుకల జంట వాటిని ఒక్కొక్కటే మోసుకెళ్ళి కిటికీ పైన సందులో గూడు కడుతోంది. ఇప్పుడు ఇది రాస్తూ తలెత్తి చూస్తే గూట్లోంచి ఒక పోచ బయటికి వేలాడుతోంది. ఎడమవైపుకి మెలి తిరిగి ఉంది.